రింగు తిప్పితే స్ప్రింగు బిరుసెక్కదు

సంపాదకునికి,

అయ్యా,

గత ఆదివారం మీ వాహనాల పేజీలో వచ్చిన వ్యాసంలో, బైకు వెనక సీటు మీద రెండో మనిషి ఎక్కేటట్లయితే షాకబ్జర్ల అడుగున గాడులతో ఉండే రింగును ఒకటి రెండు మెట్లు పైకి తిప్పుకోవాలనీ, అలా చేస్తే స్ప్రింగు గట్టిపడుతుందనీ రాశారు. సలహా సరైనదే గాని చెప్పిన కారణం తప్పు. ఈ పొరపాటు మీ రచయిత ఒక్కరిదే కాదు. పాలిటెక్నిక్‌లో పాతికేళ్లకు పైగా మెకానికల్ పాఠాలు చెప్పిన నేను ఏటా రెండో సంవత్సరం విద్యార్థుల నోట ఇదే మాట విన్నాను, మా వీధి మెకానిక్ నోట నేటికీ వింటున్నాను.

స్ప్రింగు ఎంత బిరుసో చెప్పడానికి ఒకే కొలత ఉంది: అది ఒక మిల్లీమీటరు అణగడానికి ఎంత బరువు కావాలి అన్నది. దాన్నే స్ప్రింగు రేటు అంటారు. రేటు మిల్లీమీటరుకు 1.9 కిలోలైతే 10 మిల్లీమీటర్లు అణచడానికి 19 కిలోలు, 20 మిల్లీమీటర్లకు 38 కిలోలు పడతాయి. 1678లో రాబర్ట్ హుక్ ప్రచురించిన సూత్రం చెప్పేది ఇదే. ఈ రేటును నిర్ణయించేవి తీగ మందం, చుట్టు వ్యాసం, పనిచేసే చుట్ల సంఖ్య, ఉక్కు దృఢతా గుణకం (మెలితిప్పడానికి ఉక్కు ఎంత ఎదురు నిలుస్తుందో చెప్పే అంకె). రింగు తిప్పినప్పుడు వీటిలో ఏదీ మారదు, కనుక రేటూ మారదు.

మరి మారేది ఏమిటి? ఒక్కో స్ప్రింగు మీద 57 కిలోల భారం పడిందనుకుందాం. పై రేటు ప్రకారం ఆ భారాన్ని మోయాలంటే స్ప్రింగు 30 మిల్లీమీటర్లు అణగవలసిందే. రింగుతో ముందుగానే 5 మిల్లీమీటర్లు అణచి పెడితే, మనుషులు కూర్చున్నాక అది ఇంకా దిగేది 25 మిల్లీమీటర్లే. మొత్తం అణగడం మాత్రం అదే 30. అంటే బండి వెనక భాగం 5 మిల్లీమీటర్లు ఎత్తున నిలబడుతుంది, గుంతలో పడినప్పుడు చక్రం పైకి లేవడానికి అంత చోటు అదనంగా దక్కుతుంది. రింగు ఉన్నది అందుకే. రెండో మనిషిని దింపేశాక కూడా దాన్ని పైమెట్టులోనే వదిలేస్తే, షాకబ్జర్ ఇంచుమించు పూర్తిగా సాగిన స్థితిలో ఉండి, గుంతలోకి దిగవలసిన చక్రానికి దిగే చోటు చాలదు. నడుముకు తగిలే ఆ కుదుపునే జనం బిరుసు అనుకుంటున్నారు.

రేటు కొలవడం పెద్ద విద్యేమీ కాదు. షాకబ్జర్ నుంచి విప్పిన స్ప్రింగును ప్లాట్‌ఫారం కాటా మీద నిలబెట్టి, పైనుంచి చేతి ప్రెస్సుతో అణుస్తూ, 10 మిల్లీమీటర్లకొకసారి కాటా చూపే అంకెను రాసుకుంటే చాలు. నా పాత బండి స్ప్రింగుకు వరుసగా 15, 34, 53, 72, 91 కిలోలు వచ్చాయి. ఇక్కడ చాలామంది 91ని 50తో భాగించి 1.82 అని రాసేస్తారు. అది సరికాదు. చివరి చుట్లు సరిగా కుదురుకునే దాకా మొదటి అంకెను నమ్మడానికి లేదు, కాబట్టి చూడవలసింది ఒక్కో మెట్టుకు పెరిగిన బరువు. అది ప్రతిసారీ 19 కిలోలే, అంటే రేటు 1.9. పెరుగుదల సమంగా లేక మెట్టు మెట్టుకూ ఎక్కువవుతుంటే ఆ స్ప్రింగుకు ఒక కొన దగ్గర చుట్లు దగ్గరగా వేసి ఉంటారు. అటువంటి దానికి ఒకే అంకె చెప్పడం కుదరదు. ఒక హెచ్చరిక కూడా అవసరం. 50 మిల్లీమీటర్లు అణచిన ఈ చిన్న స్ప్రింగులో దాగిన శక్తి, 5 కిలోల బరువు అర మీటరు ఎత్తు నుంచి పడినప్పటి దెబ్బకు ఇంచుమించు సమానం. లోపల నిలువుగా ఒక కడ్డీ పెట్టకుండా, ముఖాన్ని పక్కకు ఉంచకుండా ఈ పని ఎవరూ చేయరాదు.

కొలవడమెందుకు, సూత్రంతో లెక్క కట్టవచ్చు కదా అని మా విద్యార్థులు అడిగేవారు. కట్టవచ్చు. 7 మిల్లీమీటర్ల తీగ, 45 మిల్లీమీటర్ల సగటు చుట్టు వ్యాసం, 14 చుట్లు ఉంటే లెక్క ప్రకారం మిల్లీమీటరుకు 18.6 న్యూటన్లు, అంటే దాదాపు ఆ 1.9 కిలోలే వస్తుంది. కాని తీగ మందం ఈ లెక్కలో నాలుగో ఘాతంలో ఉంటుంది. పైనున్న రంగు పూతను కలుపుకొని 7కు బదులు 7.2 అని కొలిచామంటే జవాబు 12 శాతం పెరిగిపోతుంది. మందం కొలిచే వెర్నియర్ పరికరం పట్టుకున్న చేతి మీద నాకు అంత నమ్మకం లేదు.

బండి పాతబడితే స్ప్రింగు మెత్తబడుతుందన్నది మరొక అపోహ. వాడకంలో స్ప్రింగు పొడవు కొంత తగ్గవచ్చు, బండి కిందికి కూర్చోవచ్చు, కాని తుప్పు తిని తీగ సన్నబడితే తప్ప రేటు చెప్పుకోదగినంతగా మారదు. పాత బండి ఊగిసలాడుతోందంటే తప్పు చాలావరకు షాకబ్జర్‌లోని నూనెది, సీలుది. పాపం స్ప్రింగును మారుస్తారు, నూనె కారుతూనే ఉంటుంది.

రేటు నిజంగా మారే పనిని తెలియక చేయడం దీనికి పూర్తిగా ఎదురు తప్పు, అది కారు కుర్రవాళ్లది. బండి కిందికి దిగితే అందమని స్ప్రింగు చుట్లు కోయిస్తారు. 14లో 2 చుట్లు తీసేస్తే మిగిలిన స్ప్రింగు 17 శాతం బిరుసవుతుంది, అణగడానికి ఉన్న చోటూ తగ్గుతుంది. ఇంకొందరు వేరే కారు స్ప్రింగు అంకెను చూసి తెచ్చి బిగిస్తారు. చక్రం 100 మిల్లీమీటర్లు లేచినప్పుడు స్ప్రింగు 70 మిల్లీమీటర్లే అణిగే అమరికలో, చక్రం దగ్గర తెలిసే బిరుసు స్ప్రింగు రేటులో 49 శాతమే, ఎందుకంటే ఆ నిష్పత్తి కదలికలో ఒకసారి, బలంలో మరొకసారి పనిచేస్తుంది. చక్రానికీ స్ప్రింగుకూ మధ్య ఈ నిష్పత్తి తెలియకుండా రెండు బళ్ల అంకెలను పోల్చడం వృథా ప్రయాస. పైగా కొన్ని అంకెలు అంగుళానికి పౌండ్లలో ఉంటాయి. అంగుళానికి 100 పౌండ్లంటే మిల్లీమీటరుకు 1.79 కిలోలు, లేదా 17.5 న్యూటన్లు.

లారీల కమాన్ కట్టల (ఉక్కు పట్టీలు పేర్చి కట్టిన స్ప్రింగుల) సంగతి వేరే ఉత్తరానికి చాలినంత ఉంది గనుక ఒక్క మాటే చెబుతాను. అదనపు పట్టీ వేయిస్తే కట్ట రేటు పెరుగుతుంది గాని యాక్సిలు, టైర్లు, బ్రేకుల శక్తి రవ్వంత కూడా పెరగదు.

ఇంతకీ నా విన్నపం రెండు విషయాల గురించి. మొదటిది స్ప్రింగులు తయారుచేసే వారికి. నేను ఇక్కడ ఆటోనగర్‌లో కొన్న స్ప్రింగుల పెట్టెల మీద బండి పేరు, ధర, తయారైన నెల ఉన్నాయి, రేటు లేదు. మిల్లీమీటరుకు ఇన్ని న్యూటన్లని ఒక్క అంకె అచ్చువేయడానికి అదనంగా అయ్యే ఖర్చు ఏమీ ఉండదు. రెండోది మన రెండు రాష్ట్రాల సాంకేతిక విద్యా శాఖలకు. ఇంజనీరింగు కళాశాలల్లోనూ పాలిటెక్నిక్‌లలోనూ పదార్థాల బలాన్ని పరీక్షించే ప్రయోగశాలలో స్ప్రింగు పరీక్ష ఒక ప్రయోగంగా ఉంది. నేను పనిచేసిన చోట ఒకే స్ప్రింగును ఏళ్ల తరబడి అణచి, ముందే తెలిసిన జవాబును రికార్డు పుస్తకాల్లో రాయించాము. అందులో నా వంతు తప్పు కూడా ఉంది. వారానికి ఒక పూట ఊళ్లోని మెకానిక్‌లు, బండి యజమానులు తమ స్ప్రింగులు తెచ్చుకుంటే, నామమాత్రపు రుసుముతో విద్యార్థులే కొలిచి, అంకె రాసిన చీటీ ఇచ్చే ఏర్పాటు చేయవచ్చు. మీ పేజీలో ఈ ప్రతిపాదనకు చోటిస్తే, దగ్గరలోని కళాశాలకు ఆ మొదటి స్ప్రింగును నేనే తీసుకువెళతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకుడు,
విజయవాడ