శీనుకి ఉత్తరం: పాత లాప్‌టాప్ సంగతి

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్‌లో "ఆ డొక్కుదానికి ఇంకా డబ్బు తగలెయ్యడం ఎందుకురా, కొత్తది కొనెయ్" అనేసి పెట్టేశావు. ఇది ఫోన్‌లో తేలే విషయం కాదని ఉత్తరం రాస్తున్నాను. రాస్తున్నది కూడా ఆ డొక్కుదాని మీదే, చూసుకో.

2017లో అమ్మాయి ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు కొన్నదే ఇది. ఏడో తరం ఐ5 ప్రాసెసర్, 4 జీబీ మెమరీ (ర్యామ్ అన్నా ఇదే), 1 టీబీ హార్డ్ డిస్క్. అమ్మాయికి ఆఫీసువాళ్లు వేరేది ఇచ్చాక నా పాలపడింది. పొద్దున్నే బటన్ నొక్కి, కాఫీ కలుపుకుని, తాగి, గ్లాసు కడిగి వచ్చినా ఇంకా చక్రం తిరుగుతూనే ఉండేది. "దాని ముందు కూర్చోవడం కంటే రేషన్ షాపు క్యూ నయం" అనేది మీ చెల్లెమ్మ.

మా బావమరిది ఒక్క చూపు చూసి మెమరీ చాలట్లేదని తేల్చేశాడు. ఆదివారం వాళ్ల ఆఫీసులో పారేసిన డెస్క్‌టాప్ నుంచి ఒక ర్యామ్ ముక్క పీకి తెచ్చాడు. అరగంట కుస్తీ పట్టి వెనక మూత తీస్తే, వాడు తెచ్చింది దాదాపు రెండు బెత్తెలు, లోపలి స్లాటేమో బెత్తెడు. డెస్క్‌టాప్‌ది లాప్‌టాప్‌కి పట్టదని వాడికి అప్పుడే తెలిసింది, నాకూ అప్పుడే. మూత బిగించాక ఒక స్క్రూ తక్కువైంది.

ఇక లాభం లేదని సికింద్రాబాద్ వెళ్లాను. ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్ తెలుసుగా, అందరూ సీటీసీ అంటారు. అక్కడి కుర్రాడు స్క్రూడ్రైవర్ ముట్టుకోకుండా కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి, లోపల ఏది ఎంత వాడకంలో ఉందో చూపించే టాస్క్ మేనేజర్ తెరిచాడు. "రోజూ ఏమేం వాడతారో అన్నీ తెరవండి సార్" అన్నాడు. బ్రౌజరు, వర్డు, పిల్లల ఫొటోలు తెరిచాను. మెమరీ 90 శాతం దాటింది. డిస్కు మాత్రం 100 దగ్గరే మేకు కొట్టినట్టు కూర్చుంది.

వాడు చెప్పింది నేను వంటింటి భాషలోకి మార్చుకున్నాను. మెమరీ అంటే స్టవ్ పక్కన గట్టు, డిస్కు అంటే అటక. గట్టు మీద చోటు చాలకపోతే సగం గిన్నెలు అటకెక్కించి, కావలసినప్పుడల్లా నిచ్చెనేసుకుని దించుకోవాలి. పాత హార్డ్ డిస్కులో పళ్లెం తిరిగి, ముల్లు కదిలి వెతకాలి కాబట్టి ఆ నిచ్చెన మహా నెమ్మది. గట్టు పెంచితే ఎక్కే పని తగ్గుతుంది. కానీ పొద్దున్న ఆన్ చేసినప్పుడు సరుకంతా అటక నుంచే దిగాలి కదా! "మెమరీ ఒక్కటే వేస్తే మీ కాఫీ కష్టం తీరదు సార్, డిస్కు కూడా తీసేసి, తిరిగే పళ్లెం లేని ఎస్‌ఎస్‌డీ వేయాలి" అన్నాడు. ఇన్నాళ్లూ మేం అందరం మెమరీ, మెమరీ అని ఒకటే భజన చేశాం చూడు.

మరి కొత్తది ఎందుకు కొనలేదు అంటావు. నీ మాటలో అసలు న్యాయం లేదని అనను. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్టు అయిపోయింది. విండోస్ 11 అధికారికంగా కావాలంటే ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే. నాది ఏడు. ఒక్క తరంలో తప్పిపోయింది, ఒక్క మార్కుతో ఫెయిలైనట్టు! ఎంత మెమరీ పోసినా ఈ తరం మారదు. అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లకి పేరు నమోదు చేసుకున్నాను, 2026 అక్టోబర్ 13 దాకా వస్తాయి. అంటే దసరా దాకా గడువన్నమాట.

ఇంకో చిక్కు, ర్యామ్ ధర మండిపోతోంది. ఏఐ డేటా సెంటర్ల కోసం తయారీదారులు అటువైపు మళ్లడంతో మామూలు ముక్కలకి కరువొచ్చింది. కొత్త లాప్‌టాప్‌లోనూ ఉండేది ఆ ర్యామే కదా, వాటి ధర మాత్రం ఊరుకుంటుందా? పైగా సన్నటి మోడళ్లు చాలావాటిలో మెమరీ బోర్డుకే అతికించేసి వస్తోంది. ఇవాళ 8 కొంటే చచ్చేదాకా 8. కొన్నప్పుడు 16కి తగ్గకూడదని అప్పుడే అనుకున్నాను.

అందుకని మధ్యే మార్గం పట్టాను. కొత్త 8 జీబీ ముక్క అడగలేదు. నాది డీడీఆర్4 రకం మెమరీ, రెండో స్లాటు ఖాళీగా ఉంది. వేరే మెషీన్‌లోంచి తీసిన 4 జీబీ ముక్క వాడి దగ్గరుంటే అది వేయించి, చిన్న ఎస్‌ఎస్‌డీ పెట్టించాను. పాత హార్డ్ డిస్కుకి యూఎస్‌బీ కేసు తొడిగించి బీరువాలో పెట్టాను, అమ్మ ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. బ్యాటరీ జోలికి పోలేదు. ముప్పావుగంట కూడా రావట్లేదు కానీ, నేను దీన్ని గోడ పక్కనుంచి కదిపింది ఎప్పుడు గనక? ఇప్పుడు కాఫీ నీళ్లు మరిగేలోపు తెరుచుకుని కూర్చుంటోంది. దసరా తర్వాత దీనికి విండోస్ బదులు లినక్స్ ఎక్కించి మీ చెల్లెమ్మ పద్దులకి ఇచ్చేస్తాను.

నీ లాప్‌టాప్ కూడా నత్తలా ఉందన్నావుగా. ముందు టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ నొక్కి చూడు. మెమరీ దగ్గర ఎన్ని స్లాట్లలో ఎన్ని నిండాయో రాసి ఉంటుంది. డిస్కు ఎస్‌ఎస్‌డీనా, హెచ్‌డీడీనా (అంటే పాత హార్డ్ డిస్కా) అన్నదీ చూసి రెండూ ఫొటో తీసి పంపు. మూత మాత్రం నువ్వు విప్పకు. మా బావమరిది వస్తానన్నా రానివ్వకు.

పిన్నిగారి మోకాలు ఎలా ఉందో రాయి.

ఇట్లు,
నీ మూర్తి

తా.క.: ఆ స్క్రూ సోఫా కింద దొరికింది. కానీ సీటీసీ కుర్రాడు అన్ని స్క్రూలూ సరిగ్గానే బిగించి పంపాడు. ఇది దేనిదో ఇంకా తేలలేదు.