క్లిప్పుల డబ్బాతో పాటు

శ్రీకాకుళం,
ఆదివారం మధ్యాహ్నం.

అమ్మలూ,

రేపు పొద్దున్నే ఆర్టీసీ కాంప్లెక్స్‌కెళ్లి ఈ పార్సిల్ కార్గోలో వేసేస్తాను. "గుంటకి ముందు జీడిపప్పు కనబడాల, ఆ ఇనప సామాన్లు అడుక్కి తొయ్యి" అంది మీ అమ్మ. నేను తిరగేసి సర్దాను. పలాస పప్పు పైనుంటే నువ్వు కిందిదాకా చూడవు, నాకు తెలుసు.

కారు కిటికీ అద్దం కదలట్లేదని తలుపు లోపలి ప్లాస్టిక్ పలక, అదే డోర్ ప్యాడ్, ఊడదీయబోయి విరగ్గొట్టేశానని నిన్న రాత్రి ఫోన్లో ఏడ్చినంత పని చేశావు. నువ్వు పంపిన ఫొటో పెద్దది చేసి చూశాను. ప్యాడ్ శుభ్రంగా ఉంది. పోయినవి దాన్ని తలుపుకి పట్టి ఉంచే మూడు ప్లాస్టిక్ క్లిప్పులు. ఇక్కడ కొట్లో గుప్పెడు కొంటే వంద కాదు. క్లిప్పు మెడ సన్నగా ఎందుకుంటుందనుకున్నావు? బలం ఎక్కువైతే ముందు అదే తెగాలి, ప్యాడ్ మిగలాలి. దాని పని అది చేసింది. దానికేం ఏడుస్తావు?

నేను కంగారుపడింది వేరే దానికి. ఫొటోలో కింది మూల సన్నగా తెల్ల చార ఉంది చూడు, గోటితో గీసినట్టు. ప్లాస్టిక్‌ని వంగకూడనంత వంచితే అలా తెల్లబడుతుంది. అది కనబడ్డాక ఇంకొక్క లాగు లాగితే నిజంగానే విరిగేది. క్లిప్పు అంత గట్టిగా ఉండదు, అంటే అక్కడ ఏదో స్క్రూ ఇంకా పట్టుకునే ఉంది. చెయ్యి పెట్టి తలుపు లాక్కునే గుంట ఉంటుందే, దాని అడుగున చిన్న మూత గానీ రబ్బరు గానీ ఉంటుంది. గోరుతో తీసి చూడు. లోపలి హ్యాండిల్ వెనకాల ఒకటి, పక్కద్దం దగ్గర ముక్కోణం మూత కింద ఒకటి ఉండొచ్చు. స్క్రూలన్నీ వచ్చేశాయని నమ్మకం కుదిరాకే క్లిప్పుల జోలికి వెళ్లు. పసుపు రంగు కనెక్టరు కనబడితే అది ఎయిర్‌బ్యాగుది, ముట్టుకోకు. అసలు మొదలెట్టే ముందే బ్యాటరీ మైనస్ విప్పి కాసేపు ఆగాలి.

ఇంకోటి. పొద్దున్న ఆరింటికి, డిసెంబరులో, సెల్లార్లో ఈ పని పెట్టుకున్నావా? చలికి ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది తల్లీ. బండి బయట ఎండలో ఓ గంట నిలబెట్టు. ఎండ లేకపోతే నీ జుట్టు ఆరబెట్టుకునే మిషన్ ఉందిగా, క్లిప్పు ఉన్నచోట కొంచెం దూరం నుంచి కాసేపు ఊపు. తర్వాత డబ్బాలో ఉన్న వెదురు బద్ద తీసుకో. దాని కొసన పాము నాలుకలా చీలిక కోశాను. ఆ చీలిక క్లిప్పు మెడకి రెండు పక్కలా వెళ్లేలా తోసి, బద్దని తలుపుకేసి వంచు. ప్యాడ్ మధ్యలో పట్టి లాగితే బలమంతా ప్యాడ్ మీద పడుతుంది, క్లిప్పు పక్కనే ఎత్తితే క్లిప్పు మీద పడుతుంది. అంతే కిటుకు. స్క్రూడ్రైవరైనా ఎత్తుతుంది గానీ పెయింటు గీసేస్తుంది. తప్పనిసరైతే కింద పాత బనీను గుడ్డ వెయ్యి.

చక్రం పైనుండే నల్ల ప్లాస్టిక్ తొడుగు, లైనర్, కూడా ఊగుతోందన్నావు. అక్కడి క్లిప్పులు వేరే రకం, వాటి మధ్యలో మేకులాంటిది ఉంటుంది. నేను పనిలో చేరిన కొత్తలో వీటితోనే చీవాట్లు తిన్నాను. అంతకుముందు నాకు తెలిసింది అంబాసిడర్ బంపరే. ఇనుము, బోల్టులు విప్పితే ఊడొచ్చేది. ఓ మారుతి బండికి ఈ క్లిప్పుని పట్టకారుతో పీకితే తల ఊడి నా చేతికొచ్చింది, మొండెం లోపలే ఉండిపోయింది. మేస్త్రీ ఏమీ అనలేదు. పక్క క్లిప్పు మధ్యలో సన్నటి మొన ఆనించి నొక్కాడు. టిక్‌మంది. మేకు రెండు మిల్లీమీటర్లు లోపలికి దిగింది, క్లిప్పు మొత్తం మెత్తగా అతని వేళ్ల మధ్యకొచ్చింది. చీవాట్లు ఆ తర్వాత పడ్డాయి. కొన్నిట్లో ఆ మేకుని నొక్కకూడదు, పైకి లేపాలి. అంచున గోరు పట్టే సందు కనబడితే లేపేదే. సందు లేక, నడిమి భాగం నున్నగా పళ్లెంలా ఉంటే నొక్కేది. ప్లస్ గాడి ఉంటే ఎడమకి తిప్పేది. తిప్పుతుంటే తిరగలిలా అక్కడక్కడే తిరుగుతోందా? మర అరిగిపోయింది. ఒక చేత్తో తల కింద పల్చటి బ్లేడు పెట్టి ఎత్తుతూ రెండో చేత్తో తిప్పు.

మొండికేసేవి మాత్రం మట్టి పట్టినవే. తిత్లీ తుఫాను వచ్చిన ఏడు, 2018 అక్టోబరులో, వరదలో నానిన బళ్లు షెడ్డుకి వరస కట్టాయి, గుర్తుందా? క్లిప్పు మధ్య మేకుకీ చుట్టూ ఉన్న రింగుకీ నడుమ ఒండ్రు ఎండి సిమెంటైపోయింది. నొక్కితే దిగదు, లేపితే లేవదు. మొదటి రెండు రోజులు మేం కసిగా పీకి చాలా పాడుచేశాం. చివరికి పనిచేసింది సబ్బునీళ్లూ పాత టూత్ బ్రషూ. పోసి, రుద్ది, టీ తాగొచ్చి, మళ్లీ పోసి, అప్పుడు నొక్కితే దిగాయి. పెట్రోలూ థిన్నరూ పొయ్యకు. ప్లాస్టిక్‌ని తినేసినా తినేస్తాయి.

అప్పటికీ రాకపోతే కటింగ్ ప్లేయర్‌తో తల కింద మెడ పట్టు. తెగేలా నొక్కకు, కరిచి పట్టుకుని మెలితిప్పుతూ లాగు. తల తెగిందా, తెగనీ, మిగిలిన ముక్కని లోపలికి తోసెయ్. ఇది లైనర్ దగ్గర మాటే. తలుపు దగ్గర ముక్కని బయటికే తియ్యాలి. లోపల పడితే ప్రతి స్పీడ్ బ్రేకర్‌కీ టకటకమంటుంది, నువ్వు మళ్లీ రాత్రి పదకొండింటికి ఫోన్ చేస్తావు.

కొత్త క్లిప్పులు వేసే ముందు గోరువెచ్చటి నీళ్లలో పడెయ్. అవి నైలాన్‌వి, నైలాన్ నీళ్లు పీలుస్తుంది, పీల్చాక విరక్కుండా వంగుతుంది. ముందు క్లిప్పులన్నీ ప్యాడ్‌కే తొడుగు. ప్యాడ్ పై అంచుని అద్దం దగ్గర తగిలించు. ఒక్కో క్లిప్పు కన్నానికి ఎదురుగా ఉందో లేదో వంగి చూసి, అక్కడే అరచేత్తో చరుచు. దిగకపోతే ఇంకా గట్టిగా చరచకు. బయటికి లాగి చూడు, మొన మడతపడి ఉంటుంది. నొక్కుడు రకం తిరిగి పెట్టేటప్పుడు మేకు పైకి పొడుచుకుని ఉండాలి.

నాలుగు సైజులు పంపుతున్నాను. ఫొటోలో కన్నం ఎనిమిది మిల్లీమీటర్లలా కనబడింది గానీ స్కేలు పెట్టి చూసుకో.

ప్యాడ్ ఊడాక, చెయ్యి దేనికీ తగలకుండా చూసుకుని, బ్యాటరీ తగిలించి కిటికీ అద్దం స్విచ్ నొక్కు. మోటారు చప్పుడు వస్తోందో లేదో చెప్పు. చప్పుడు వచ్చి అద్దం కదలకపోతే కేబుల్ తెగి ఉంటుంది, నేను చూసి పంపిస్తాను. చప్పుడే లేకపోతే ముందు ఫ్యూజు చూడు.

క్లిప్పులు పెట్టిన స్టీలు డబ్బా మీ అమ్మ పోపుల డబ్బా. అడక్కుండా తీశాను. సంక్రాంతికి వచ్చేటప్పుడు మర్చిపోకుండా పట్టుకురా.

మీ నాన్న