బీరువా వెనక నా సంతకం: మంత్రిగారికి ఒక బోర్డు ఆర్టిస్టు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,

నమస్కారం. ఇది నా అయిదో ఉత్తరం. మొదటి నాలుగూ మీదాకా వచ్చాయో లేదో తెలీదు గానీ, వాటి రసీదులు మాత్రం నా రేకుపెట్టెలో రంగుల ట్యూబుల పక్కన భద్రంగా ఉన్నాయి. మూడో అర్జీకైతే ఫోనుకి మెసేజి కూడా వచ్చింది, "మీ అర్జీ పరిష్కరించబడినది" అని. ఏం పరిష్కరించారో కనుక్కుందామని ఆ సోమవారం గ్రీవెన్సుకి వెళితే, "మెసేజి వచ్చిందంటే అయిపోయినట్టే కదండీ" అన్నారు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను. నేను చెబుతుంటే మా మనవరాలు ఫోన్లో కొడుతోంది. తప్పులుంటే దానివి, కోపం ఉంటే నాది.

వృద్ధ కళాకారుల పింఛను సంగతి మీకు నేను చెప్పేదేముంది. అరవై నిండాలి, ఏడాది ఆదాయం 72,000 దాటకూడదు. ఈ రెండు పరీక్షల్లోనూ నేను ఫస్టు క్లాసులో పాసయ్యాను. తప్పింది మూడోదాంట్లో. మా జిల్లా ఆఫీసులో ఇచ్చిన ఫారంలో ఒక గడి ఉంది: "శిక్షణ పొందిన సంస్థ లేదా గురువు పేరు". దాని కింద చిన్న అక్షరాల్లో "ధ్రువపత్రం జతచేయవలెను".

నాకు గురువు లేడండి. తొమ్మిదో తరగతి తప్పాక సినిమా హాలు వెనక రేకుల షెడ్డులో బ్యానర్లు వేసే పెద్దాయన దగ్గర చేరాను. చేరానంటే, కిరసనాయిల్లో బ్రష్షులు కడగడానికి. ఆయన నాకు నేర్పిందేమీ లేదు. భోజనానికి వెళ్ళేటప్పుడు మాత్రం బొమ్మ మీద గుడ్డ కప్పకుండా వెళ్ళేవాడు. ఆ అరగంటే నా కాలేజీ. ముక్కు పక్క నీడకి ఆయన నలుపు వాడడనీ, ఎర్రమట్టి రంగులో కాస్త నీలం కలుపుతాడనీ అప్పుడే కనిపెట్టాను. రాత్రిళ్ళు పాత క్యాలెండర్ల మీద గళ్ళు కొట్టి, సిమెంటు సంచి కాగితం మీద బొగ్గుతో అదే బొమ్మ మళ్ళీ మళ్ళీ వేసేవాణ్ణి. పోలిక రావడానికి మూడేళ్ళు పట్టింది. పోనీ ఆ పెద్దాయన పేరే రాద్దామంటే ఆయనకే సర్టిఫికెట్టు లేదు. ఇప్పుడు ఆయనా లేడు.

సెక్షన్లో కూర్చున్న బాబుకి ఇదంతా చెబితే, "అయితే సొంతంగా నేర్చుకున్నాను అని రాయండి" అన్నాడు. రాశాను. రెండు నెలలకి తిరిగొచ్చింది, "సంస్థ పేరు స్పష్టంగా లేదు" అని ఎర్ర సిరాతో.

అయ్యా, రవివర్మ ఈ ఫారం నింపాల్సి వస్తే ఏం రాసేవాడంటారు? 1868లో తిరువాన్కూరు రాజుగారి కొలువుకి థియోడర్ జెన్సన్ అనే దొర వచ్చి తైలవర్ణాల్లో బొమ్మలు వేశాడు. కుర్రవాడు రవివర్మకి నేర్పనన్నాడు. వేస్తుంటే చూడనిచ్చాడు, అంతవరకే. మన వడ్డాది పాపయ్య గారు ఇంట్లో తండ్రి దగ్గర నేర్చుకున్నారు. బాపు గారు చదివింది లా. హుసేన్ బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసి పొట్టపోసుకున్న రోజులున్నాయి. వాళ్ళతో నన్ను పోల్చుకుంటున్నానని అనుకోకండి. నేను నిచ్చెన మీద బతికినవాణ్ణి, నా ఎత్తు నాకు తెలుసు. ఫారం అందరికీ ఒకటే కదా అని అడుగుతున్నాను.

దయచేసి ఏకలవ్యుడి కథ మాత్రం చెప్పకండి. ఒక ఉగాదికి మా ఊరి సభలో పెద్దలొకరు నన్ను వేదిక ఎక్కించి "నేటి ఏకలవ్యుడు" అని శాలువా కప్పారు. బొటనవేలు ఇవ్వడానికి నాకేం అభ్యంతరం లేదు, రోజూ ఇస్తూనే ఉన్నాను, మిషనే పుచ్చుకోవడం లేదు. నలభై ఏళ్ళ టర్పెంటైనుకి వేలిగీతలు అరిగిపోయాయి. రేషను దగ్గర డీలరు నా వేలు తుడుస్తాడు, తలకి రాసుకోమంటాడు, మళ్ళీ పెట్టమంటాడు. వెనక క్యూలో ఆడవాళ్ళు విసుక్కుంటారు.

ఇక అసలు సంగతి. దీనికి జీవో అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు.

2022లో, అమృత మహోత్సవాలప్పుడు, ఇదే ఆఫీసువాళ్ళు కబురుపెట్టి స్వాతంత్ర్య సమరయోధుల బొమ్మలు గోడల మీద వేయమన్నారు. మూడు వేశాను. మెట్ల పక్కన అల్లూరి, పింగళి వెంకయ్య గారు. సెక్షను గదిలో టంగుటూరి ప్రకాశం పంతులు గారు. నాలుగడుగుల వెడల్పు, అయిదడుగుల ఎత్తు. ప్రకాశం గారనగానే అందరూ 1928లో మద్రాసులో తుపాకీల ముందు రొమ్ము చూపిన సంగతే తలుచుకుంటారు, ఛాతీ పెద్దదిగా వేసి ఊరుకుంటారు. నేను ఆయన కళ్ళ కింది ముడతల దగ్గర మూడు రోజులు కూర్చున్నాను. లాయరుగా అంత గడించి అంతా ఉద్యమంలో పోగొట్టుకున్న మనిషి అలసట అక్కడుంటుంది, ఛాతీలో కాదు. నా మటుకు నేను వేసిన ముఖాల్లో అది మంచిది. కుడివైపు కింద మూల సంతకం పెట్టాను, తేదీతో సహా.

ఆర్నెల్లకి ఆ మూల బీరువా పెట్టారు. ప్రకాశం గారి ఎడమ భుజమూ నా సంతకమూ రెండూ దాని వెనక్కి పోయాయి.

"మీరు బొమ్మలు వేస్తారనడానికి రుజువేమిటండీ" అని ఆ బాబు నన్ను అడిగింది సరిగ్గా ఆ బొమ్మ కింద కూర్చునే. మీ తల మీదున్నది నేను వేసిందే అన్నాను. వెనక్కి తిరిగి చూశాడు. బాగుందన్నాడు కూడా, అబద్ధం ఎందుకు. "మరి సంతకమేది?" బీరువా వెనక. "బీరువా జరపాలంటే పైనుంచి పర్మిషను కావాలండి, అందులో రికార్డులున్నాయి." పర్మిషను కోసం అర్జీ పెట్టాను. అదే నా రెండో అర్జీ. దానికి జవాబు లేదు. మళ్ళీ వెళ్ళినప్పుడు మా మనవరాలు గోడకీ బీరువాకీ మధ్య సందులో ఫోను దూర్చి, లైటు వేసి ఫోటో తీసింది. నా పేరులో మొదటి అక్షరం, దాని మీద సాలెగూడు, అంతవరకు వచ్చింది. సగం సంతకం చెల్లదన్నారు.

పోనీ ఆ బొమ్మలకి ఇచ్చిన బిల్లు చూపిద్దామనుకున్నాను. 14,500 రూపాయలు. అప్పట్లో "బిల్లు పెట్టండి" అన్నారు, పెట్టాను, అది ఇప్పటికీ పెట్టే ఉంది. దాని కాపీ రుజువుగా ఇస్తే, పాసు కాని బిల్లు రుజువు కాదన్నారు. అంటే డబ్బు ఇవ్వనిదీ వాళ్ళే, ఇవ్వలేదు కాబట్టి నేను పని చేయనట్టే అన్నదీ వాళ్ళే. ఇంటికొచ్చి మా ఆవిడకి చెబితే రెండుసార్లు చెప్పించుకుంది, అర్థం కాక కాదు, నమ్మక.

ప్రదర్శనల కేటలాగులు కూడా జతచేయాలట. నా ప్రదర్శన నలభై అడుగుల ఎత్తున హైవే పక్కన ఉండేదండీ. వంద రోజులాడితే వంద రోజులు, శుక్రవారం బొమ్మ మారితే వారం. తర్వాత అదే గుడ్డ ఉతికి, సుద్దా జిగురూ పూసి, దాని మీదే ఇంకో హీరో. వానొస్తే అదీ లేదు. నేను వేసిన గోడల మీద ఇప్పుడు సిమెంటు కంపెనీల ప్రకటనలున్నాయి. ఈ వృత్తిలో పాత పని చెరిగితేనే కొత్త పని. కేటలాగు ఎక్కణ్ణించి తెమ్మంటారు?

ఫ్లెక్సీ మిషను వచ్చాక బ్యానర్లు పోయాయి. నాతోపాటు నిచ్చెన ఎక్కినవాళ్ళలో ఒకడు ఫంక్షన్ హాలు దగ్గర రాత్రి కాపలా కాస్తున్నాడు. ఇంకొకడు నిచ్చెన మీంచి పడి నడుం పోయింది. వాళ్ళ అర్జీలూ మీ దగ్గరే ఉన్నాయి. వాళ్ళ మాట మళ్ళీ చెబుతాను.

నాకు మిగిలింది పటాలు. ఎవరింట్లోనైనా పెద్దవాళ్ళు పోతే పదో రోజులోపు పటం కావాలని వస్తారు. ఫోటో ఉందా అంటే ఆధార్ కార్డు చూపిస్తారు. బొటనవేలి గోరంత ముఖం, ఎదురు వెలుగు, నీడన్నది లేకుండా అప్పడంలా ఉంటుంది. కంప్యూటరు షాపులో దాన్నే లాగి పెద్దది చేసి, బుగ్గలు నున్నగా తోమి, వెనక నీలాకాశం పెట్టి ఇస్తారు. బాగానే ఉంటుంది గానీ మనిషి అందులో ఉండదు. నేనేం చేస్తానంటే, పోయినామె కూతుర్ని రమ్మని కిటికీ పక్కన కూర్చోబెడతాను. ముక్కు తల్లిదేనా, నవ్వితే అమ్మకి సొట్ట ఏ పక్క పడేది, మాట్లాడేటప్పుడు తల వంచేదా అని అడుగుతాను. తల్లి ముఖానికి కావలసిన నీడ కూతురి ముఖం మీంచి అరువు తెచ్చుకుంటాను. ఒకామె తన అమ్మానాన్నల్ని పక్కపక్కన వెయ్యమంది. ఇద్దరూ కలిసి జన్మలో ఒక్క ఫోటో తీయించుకోలేదట. ఆయన ఫోటో ముప్పై ఏళ్ళ వయసులోది, ఆమెది అరవై ఏళ్ళ వయసులోది. మొగుడు కొడుకులా కనపడకూడదు కదా! ఆయనకి లేని వయసు నేను కల్పించాలి. ఎంత జుట్టు నెరిసేదో, చెంప ఎక్కడ జారేదో వాళ్ళ చిన్నాన్నని చూసి వేశాను. ఒకాయన ఉన్న ముక్కుపుడక తీసేయమన్నాడు, ఇంట్లో దాని మీద తగాదా నడుస్తోందట. తీయలేదు. ఆవిడ పెట్టుకుంది, ఉంటుంది.

కళ్ళు చివర వేస్తాను. కంట్లో ఆ తెల్లచుక్క పడేదాకా అది రంగే. పడ్డాక ఆ కూతురు అటు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయ్యా, ఆ ఏడుపు మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం ఎక్కడ పెట్టించమంటారు?

పటానికి రెండు వేలు తీసుకుంటాను, లేనివాళ్ళ దగ్గర రంగుల ఖరీదు. నెలకి రెండొస్తే గొప్ప. చేయి వణకడం మొదలైంది. పెద్ద బ్రష్షు పట్టుకుంటే తెలీదు గానీ కనురెప్ప దగ్గర తెలుస్తుంది. పింఛను గురించి తొందరపడుతున్నది అందుకే, ఆశపడి కాదు.

రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ మీరు చూసే ఉంటారు. వెళ్ళినప్పుడల్లా నాకు బొమ్మలకంటే ముందు కూల్డ్రే దొర గుర్తొస్తాడు. ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాలు, ప్రభుత్వోద్యోగి, పైగా తెల్లవాడు. కుర్రాడు దామెర్ల వేసిన బొమ్మ చూశాడు, వీడికి చెయ్యి ఉందన్నాడు, బొంబాయి జేజే ఆర్ట్ స్కూలుకి పంపించాడు. ఆ దామెర్ల 1925లో మశూచితో పోయాడు, 28 కూడా నిండకుండా. ఆ కొద్ది కాలంలోనే ఆంధ్రుల బొమ్మకి ఒక దారి వేసి పోయాడు. అక్కడ జరిగిందేమిటి? ఒక ఆఫీసరు బొమ్మ చూశాడు. మా ఆఫీసులో నా అర్జీని ఏడుగురు చూశారు, ఏడు సంతకాలున్నాయి దాని మీద. బొమ్మని మాత్రం ఆ బాబు ఒక్కడే చూశాడు, అదీ నేను వేలు పెట్టి చూపిస్తే.

మిమ్మల్ని నేనడిగేది ఏమిటంటే, మా అందరికీ పరీక్ష పెట్టండి. ఒక రోజు, ఒక హాలు, తలా ఒక అట్ట. ఎదురుగా ఎవరినైనా కూర్చోబెట్టండి, అటెండరునైనా సరే, మిమ్మల్నైనా సరే. అన్నట్టు మీ పుట్టినరోజు ఫ్లెక్సీలో ఆ కంప్యూటరు కుర్రాడు మీ గడ్డం మీది మచ్చ తుడిచేశాడు. నేనైతే ఉంచేవాణ్ణి, మీ ముఖానికి పట్టు అక్కడే ఉంది. మూడు గంటల్లో పోలిక తీసుకొచ్చినవాడు కళాకారుడు, రానివాడు ఇంటికి పోతాడు. ఆ గడి తీసేయండి. తీయడం కుదరకపోతే "గురువు లేడు" అని రాస్తే ఒప్పుకోండి. నిచ్చెన మీంచి పడ్డ మావాడి అర్జీ వెతికించండి, వాడు ఆఫీసు మెట్లు ఎక్కలేడు. నా 14,500 సంగతి కూడా కాస్త చూడండి. ఇవేవీ కావంటే బీరువా జరిపించండి.

ముగ్గురు మనుషులైతే పది నిమిషాల పని. రికార్డులు తీయక్కర్లేదు, తలుపు తెరవక్కర్లేదు, ఒక అడుగు ఎడమకి జరిపితే చాలు. మనుషుల్ని నేనే తెచ్చుకుంటాను, కూలీ నేనే ఇస్తాను. ఫోటో తీసుకున్నాక మళ్ళీ యథాస్థానంలో పెట్టించే పూచీ నాది. దాని వెనక ప్రకాశం గారి భుజం దగ్గర రంగు చెమ్మకి లేచిపోయి ఉంటే, అదీ సరిచేసి వస్తాను, దానికి బిల్లు పెట్టను.

ఈ నెలాఖరుతో పింఛను అర్జీకి గడువు అయిపోతుంది. బుధవారం పదిన్నరకి ముగ్గురితో ఆఫీసుకి వస్తున్నాను. మమ్మల్ని గేటు దగ్గర ఆపొద్దని ఒక్క మాట చెప్పించండి చాలు.

ఇట్లు
ఒక బోర్డు ఆర్టిస్టు
(పేరు బీరువా వెనక ఉంది)