పాత పాట ముక్కతో కొత్త సింగిల్ చేయించుకోవాలనుకునే వాళ్లకి మా స్టూడియో నుంచి

అందరికీ నమస్కారం. చెన్నై సాలిగ్రామంలోని మన స్టూడియోకి వచ్చే వాళ్లకీ, నెల్లూరు, తిరుపతి నుంచి ఫోన్లోనే పని చెప్పి ట్రాకులు పంపే వాళ్లకీ ఒక విషయం సూటిగా చెప్పాలి. వచ్చే నెల ఒకటో తారీకు నుంచి, పాత సినిమా పాట రికార్డింగ్‌లోంచి ముక్క తీసి దాని మీద కొత్త పాట కట్టే పని, అనుమతి కాగితాలు చేతిలో ఉంటేనే తీసుకుంటాం. ఎంత తెలిసినవాళ్లైనా, ఎంత ఎక్కువ ఇస్తామన్నా ఇంతే. ఈ ఏడాది వస్తున్న ఫోన్లలో సగానికి పైగా ఇలాంటి పనులే కాబట్టి దీనివల్ల మా ఆదాయం బాగా తగ్గుతుంది, అద్దె, కరెంటు బిల్లు మాత్రం తగ్గవు, అయినా ఆలోచించే ఈ నిర్ణయానికి వచ్చాం.

ముందు ఒక మాట. శాంపిల్ చేయడం, అంటే ఇలా పాత రికార్డింగ్ ముక్కని కొత్త పాటలో వాడడం, దొంగపని అని మేము ఎప్పుడూ అనుకోలేదు. చాలా కష్టమైన కళ అది. బ్రిట్నీ స్పియర్స్ 'టాక్సిక్' వినండి. 2004లో సింగిల్‌గా వచ్చింది, మరుసటి ఏడాది డాన్స్ రికార్డింగ్ విభాగంలో గ్రామీ తెచ్చుకుంది. ఆ పాటని రెండు సెకన్లలో గుర్తుపట్టించే పదునైన వయొలిన్ల ముక్క 1981 నాటి 'ఏక్ దూజే కే లియే'లోని 'తేరే మేరే బీచ్ మే' పాటది, సంగీతం లక్ష్మీకాంత్ ప్యారేలాల్. మన 'మరోచరిత్ర'నే బాలచందర్ గారు హిందీలో అలా తీశారు, లతా గారితో కలిసి పాడింది మన బాలు గారు, ఆ పాటకే ఆయనకి జాతీయ అవార్డు కూడా వచ్చింది. అంత ప్రేమగా సాగే పాటలోంచి స్వీడన్ సంగీత నిర్మాతలిద్దరు ఆ కాస్త ముక్క పట్టుకుని, దాంట్లో గూఢచారి సినిమా ఛేజింగ్ లాంటి వేగం విన్నారంటే ఆ చెవికి దండం పెట్టాల్సిందే.

మా దగ్గర కూర్చున్న వాళ్లకి ఇంకో కష్టం కూడా తెలుసు. పాత పాటలు క్లిక్ ట్రాక్ (వేగం తప్పకుండా చెవిలో వినిపించే టిక్ టిక్ శబ్దం) లేకుండా, వాద్యగాళ్లందరూ ఒకే హాల్లో కూర్చుని ఒకేసారి వాయించినవి. పల్లవిలో ఒక వేగం ఉంటుంది, చరణానికి వచ్చేసరికి తబలా వాయించే ఆయన ఉత్సాహం కొద్దీ కాస్త ముందుకు జరుగుతారు, టేపు వేగం తేడా వల్ల శృతి కూడా ఇప్పటి కీబోర్డు శృతికి సరిగ్గా కూర్చోదు. ఆ ముక్కని కొత్త బీట్ మీద పెట్టగానే నాలుగు బార్లు (తాళం ఆవర్తాలు) బాగుంటాయి, ఐదో బారుకి జారిపోతుంది. దాన్ని ముక్కలు ముక్కలుగా కోసి, సాగదీసి, జీవం పోకుండా కూర్చోబెట్టడానికి రాత్రిళ్లు పడుతుంది. ఇప్పుడు యాప్‌లతో గొంతు, వాద్యాలు విడదీసి ఇంటి నుంచే తెచ్చేస్తున్నారు, అంతవరకు సుఖమే, ఈ అసలు పని మాత్రం అలాగే ఉంది. అంత కష్టపడి చేసిన పాట విడుదలైన రోజే ఆగిపోతే చూడలేకపోతున్నాం.

ఈ మధ్య జరిగింది చెప్తాను. వేరే చోట పాత పాట ముక్కతో ట్రాక్ చేయించుకుని మా దగ్గరికి మిక్సింగ్‌కి మాత్రమే వచ్చిన ఒక కుర్రాడు, వీడియోకి అప్పు చేసి మరీ ఖర్చుపెట్టాడు. పాట పైకెక్కించిన గంటల్లోనే ఆ పాట హక్కు మాదంటూ ఒక మ్యూజిక్ కంపెనీ క్లెయిమ్ పడింది. వ్యూస్ బాగా వచ్చాయి, డబ్బు మాత్రం కంపెనీకి వెళ్లింది. చట్టం ప్రకారం వాళ్లు చేసింది తప్పని కూడా అనలేను.

'ఇళయరాజా గారు నోటీసులిచ్చేది పెద్ద సినిమా వాళ్లకి, 2024లో మంజుమ్మల్ బాయ్స్ వాళ్లకి, కూలీ టీజర్ వాళ్లకి ఇచ్చారు, మనలాంటి చిన్నవాళ్లని ఎవరు చూస్తారన్నా' అని అడుగుతున్నారు. మనిషి చూడక్కర్లేదు. యూట్యూబ్ దగ్గర కంపెనీలు తమ పాటలన్నీ ముందే ఇచ్చి ఉంచుతాయి, మీరు ఎక్కించిన ఆడియోని యంత్రమే వాటితో పోల్చి చూస్తుంది, ఆ తర్వాత పాటని ఆపాలో, దాని మీద డబ్బు తీసుకోవాలో కంపెనీ ఇష్టం. శృతి మార్చితే దొరకదని కొందరు చెప్తారు, అది నమ్ముకుని డబ్బు పెట్టకండి.

ఇంకొకటి చాలా గట్టిగా చెప్పాలి. ఎనిమిది సెకన్ల లోపు వాడితే ఫర్వాలేదు అనే మాట మన చట్టంలో ఎక్కడా లేదు. అమెరికాలో రెండు సెకన్ల గిటార్ ముక్క మీద 2005లో అప్పీల్ కోర్టు, లైసెన్స్ తీసుకోండి లేదా శాంపిల్ చేయకండి అని తేల్చేసింది. 2016లో ఇంకో అప్పీల్ కోర్టు మడోన్నా 'వోగ్'లోని 0.23 సెకను ముక్క లెక్కలోకి రానంత చిన్నదని వదిలేసింది. అక్కడి కోర్టులకే ఏకాభిప్రాయం లేని చోట, సెకన్లు లెక్కపెట్టి మీకు ధైర్యం చెప్పే పని నేను చేయను.

అనుమతి కాగితాలు అన్నాను కదా, అవి రెండు కావాలి, ఎందుకంటే పాటలో రెండు ఆస్తులున్నాయి. సాహిత్యం, బాణీ ఒకవైపు, వాటిని పాడి వాయించిన రికార్డింగ్ మరోవైపు. ఒకటి తెచ్చుకుంటే చాలదు. దీనికి ద వెర్వ్ అనే ఇంగ్లండ్ బ్యాండ్ కథ తెలుసుకోవాలి. 1997లో వాళ్లు చేసిన 'బిటర్ స్వీట్ సింఫనీ'లో, రోలింగ్ స్టోన్స్ అనే ఇంకో బ్యాండ్ పాటని ఒక ఆర్కెస్ట్రా వాయించిన పాత రికార్డింగ్ ముక్క ఉంది. రికార్డింగ్ కంపెనీ దగ్గర అనుమతి తీసుకున్నారు, పాట హక్కులున్న వాళ్లతో మాత్రం తేలలేదు, చివరికి రచన మీద వచ్చే డబ్బంతా వదులుకున్నారు. రాసిన రిచర్డ్ యాష్‌క్రాఫ్ట్‌కి ఆ హక్కు తిరిగొచ్చింది 2019లో, అదీ స్టోన్స్ వాళ్లు తమంతట తాము వదిలితేనే. మన వైపు కథ కూడా ఉంది. 2002లో ట్రూత్ హర్ట్స్ పాడిన 'అడిక్టివ్'లో లతా గారి 'థోడా రేషమ్ లగ్తా హై' గొంతు అలాగే వినిపిస్తుంది, సంగీతం మనకి 'గ్యాంగ్ లీడర్'తో దగ్గరైన బప్పీ లహరి గారిది, ఎక్కడా ఆయన పేరు వేయలేదు. కేసు వేస్తే 2003లో అమెరికా కోర్టు, ఆయన పేరు వేసేదాకా ఆ సీడీ అమ్మొద్దని చెప్పింది. డబ్బు కంటే నాకు ఆ పేరు విషయమే ఎక్కువ నచ్చింది.

బాగా పాత పాటలైతే ఫ్రీ కదా అని అడిగే వాళ్లకి: రికార్డింగ్ మీద హక్కు, విడుదలైన ఏడాది ముగిశాక 60 ఏళ్లు. 1957 నాటి 'మాయాబజార్' రికార్డింగులకి ఆ గడువు 2017తో అయిపోయింది. కానీ సాహిత్యం, బాణీలకి లెక్క వేరు, అవి చేసినవారు పోయిన తర్వాత 60 ఏళ్లు. ఆ పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు గారు 1971లో పోయారు, అంటే ఆయన మాటల మీద హక్కు 2031 చివరిదాకా ఉంటుంది.

కవర్‌కి, అంటే పాత పాటనే మళ్లీ కొత్తగా పాడి రికార్డు చేయడానికి, వేరే దారి ఉంది, కాపీరైట్ చట్టంలో సెక్షన్ 31సి అంటారు. పాట మొదట రికార్డయ్యాక ఐదు క్యాలెండర్ సంవత్సరాలు దాటాలి, ముందే నోటీసివ్వాలి, ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన రాయల్టీ కట్టాలి, పైగా పాటని మార్చకూడదు. ర్యాప్ కలిపితే అది ఇక ఆ దారిలోకి రాదు. మనలాంటి వాళ్లకి ఇది అందే ఖర్చు కాదు.

మరి మేము ఏం చేస్తాం? మీరు ఇష్టపడేది ఆ పాత ధ్వనిని, ఆ ధ్వనిని కొత్తగా తయారు చేస్తాం. ఈ పని గురించి నాకు నిజంగా ఉత్సాహంగా ఉంది. మీ పాటకి సరిపడే కొత్త స్వరం కడతాం, మా వీధుల్లోనే, వడపళని, వలసరవాక్కం వైపు, ఎన్నో సినిమాలకి వాయించిన వయొలిన్, వీణ, తబలా వాద్యగాళ్లున్నారు, కీబోర్డులు వచ్చాక కాల్‌షీట్లు తగ్గిపోయిన వాళ్లు, వాళ్లని పిలుస్తాం. ముగ్గురు వయొలిన్ వాళ్లు కుర్చీలు మార్చుకుంటూ ఒకే లైన్ మూడుసార్లు వాయిస్తే తొమ్మిది మంది కూర్చున్నట్టుంటుంది. మైకు ఎత్తుగా, దూరంగా పెట్టి, క్లిక్ లేకుండా వాయించమంటాం. తర్వాత మోనో చేసి, పై ఫ్రీక్వెన్సీలు కోసి, టేపు మీదకి ఒకసారి ఎక్కించి దింపి, ఆ రికార్డింగ్‌నే శాంపిల్‌గా కోసి మీ బీట్ మీద పెడతాం. ఈ మధ్య ఒక సెషన్‌లో పెద్దాయన ఒకరు గమకం ఒకటి తనంతట తాను వేశారు, ఆ పాట మొత్తం దాని మీదే నిలబడింది. అలాంటిది ఏ పాత రికార్డులో వెతికినా దొరకదు. వాయించిన ప్రతి ఒక్కరి పేరూ క్రెడిట్స్‌లో వేయాలి, ఇది మా షరతు.

ఖర్చు దాచను. స్టూడియో గంటకి 900 రూపాయలు పాతదే, దాని మీద వాద్యగాళ్ల పారితోషికం అదనం, అది నేరుగా వాళ్లకే ఇవ్వండి, మధ్యలో మేము ఏమీ తీసుకోం. చాలామందికి ఇది పాత పాట ముక్క కోయించుకోవడం కంటే రెండింతలు దాటుతుంది. భారమనిపిస్తే ఒక్క వయొలిన్‌తో కూడా చేయొచ్చు, అడగండి. కొత్త స్వరం పేరుతో పాత బాణీనే మళ్లీ వాయించమంటే మాత్రం కుదరదు, బాణీ హక్కు అప్పుడూ ఉంటుంది.

పెళ్లి సంగీత్‌లకి పాటలు వరసగా పేర్చే పని యథాప్రకారం చేస్తాం. పెళ్లి వేడుకల్లో పాటలు వేసుకోవడానికి చట్టంలో మినహాయింపు ఉంది, ఆ వీడియో యూట్యూబ్‌లో పెడితే అది వర్తించదని గుర్తుంచుకోండి.

శాంపిల్ పనికి అడ్వాన్స్ ఇచ్చి ఇంకా మొదలుపెట్టని వాళ్లకి మొత్తం డబ్బు ఈ నెలాఖరులోగా వెనక్కి పంపుతాం, కొత్త పద్ధతికి మారాలనుకుంటే అందులోనే సర్దుతాం. సగం అయిన పనుల వాళ్లకి నేనే ఫోన్ చేస్తాను. అనుమతి కాగితాలున్న వాళ్లు వచ్చేటప్పుడు రెండింటి కాపీలూ, ఏ సెకను నుంచి ఏ సెకను దాకా వాడుతున్నారో రాసి తీసుకురండి, ఆ ముక్క లైసెన్స్‌లో ఉందో లేదో చూసుకున్నాకే సెషన్ తెరుస్తాం.