ఎడారి బల్లిని తెచ్చి బెజవాడలో పెంచమంటారా?

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో వెరైటీ పెంపుడు జంతువుల పేజీ చూశాను. ముళ్ళతోక బల్లి ఫొటో వేసి కింద ఎడారి ఉడుము అని రాశారు. అది ఉడుము కాదండీ. ఉడుము గుడ్లు, ఎలుకలు, పురుగులు ఏది దొరికితే అది మింగుతుంది, ఇది ఎక్కువగా ఆకులూ పువ్వులూ గింజలూ తిని బతికే ప్రాణి. సరే, పేరు తప్పు పడితే పడింది. కానీ "నీళ్ళు కూడా పెట్టక్కర్లేదు, ఖర్చు తక్కువ, అపార్ట్‌మెంట్‌కి సరిగ్గా సరిపోతుంది" అని రాశారు చూడండి, అది చదివి బెజవాడలో ఉండే మా మేనల్లుడు ఆ రాత్రే ఫోన్ చేశాడు. "మామా, ఆకులేసి వదిలేస్తే చాలంట, కొనుక్కోనా?" అని.

నేను కువైట్‌లో 11 ఏళ్ళు ఒక ఇంట్లో డ్రైవర్‌గా చేశాను. అక్కడ దీని పేరు ధబ్. ఒక మార్చిలో సేటు గారి తమ్ముడు సాల్మీ వైపు ఎడారికి పోయి, బొరియలో నీళ్ళు పోసి ఒకదాన్ని బయటికి రప్పించి పట్టుకొచ్చి పిల్లాడికి ఇచ్చాడు. పిల్లాడు దాన్ని తన ఏసీ గదిలో పెట్టుకున్నాడు. నాలుగు రోజులకి అది మసిగుడ్డలా నల్లబడిపోయి, ముందర వేసిన ఆకు వేసినట్టే ఎండిపోతుంటే, నేను పల్లెటూరి వాణ్ణి కాబట్టి నాకేదో తెలుస్తుందని పిలిచారు. నాకేం తెలుసు? ఎందుకైనా మంచిదని మిద్దె మీదికి తీసుకుపోయి ఎండలో పెట్టాను. చూస్తుండగానే ఒంటి మీది నలుపు తగ్గుతూ వచ్చింది, కాసేపటికి లేత పసుపుకి తిరిగింది, తల ఎత్తింది. మధ్యాహ్నానికి ఆకు కొరికింది. తిన్నది అరగాలన్నా దానికి ఎండే కావాలట, ఒంట్లో సొంత వేడి ఉండదు కదా.

ఇంకో రోజు ముక్కు చుట్టూ తెల్లగా పొక్కు కట్టినట్టు కనిపిస్తే జబ్బేమో అని టెన్షన్ పడి తడిగుడ్డతో తుడవబోయాను. తోకతో ఒక్కటిచ్చింది, మణికట్టు దగ్గర గీసుకుపోయి రక్తం వచ్చింది. సేటు వాళ్ళ నాన్న పక్కనే కూర్చుని పగలబడి నవ్వాడు. అది ఉప్పంట. ఆకులో ఉండే తడితోనే బతుకుతుంది కాబట్టి ఒంట్లో ఎక్కువైన ఉప్పుని ముక్కు లోంచి బయటికి తోసేస్తుంది, దాంతో నీళ్ళు వృథా కావు. మీరు రాసిన నీళ్ళు పెట్టక్కర్లేదు అన్న మాట వెనక ఉన్న సంగతి ఇదీ.

అలాంటి దాన్ని కృష్ణ ఒడ్డున, శ్రావణమాసంలో దండెం మీద బట్టలు రెండు రోజులైనా ఆరని ఊళ్ళో పెంచమంటే ఎట్లా? చెమ్మ గాలికి దీనికి ఊపిరితిత్తుల జబ్బులొస్తాయి, బయటికి కనబడేసరికే ముదిరిపోయి ఉంటుంది. పెట్టెలో ఒక మూల 50 డిగ్రీల దాకా కాగాలి, రెండో మూల చల్లగా ఉండాలి, అది ఇటూ అటూ తిరిగి తన వేడి తనే చూసుకుంటుంది. దీనికి అల్ట్రావయొలెట్ ట్యూబు వేరే కావాలి, అది వెలుగుతూనే ఉంటుంది గానీ కొన్ని నెలలకి పని చేసే కిరణాలు తగ్గిపోతాయి, మార్చుకుంటూ ఉండాలి. కిటికీ దగ్గర పెడితే ఎండ వస్తుంది కదా అంటారు, ఎముకలకి కావాల్సిన ఆ కిరణాలు అద్దంలోంచి దాదాపు రావు. పోనీ గాజుపెట్టెని నేరుగా ఎండలో పెడితే లోపల ఉడికి చస్తుంది. ఇక కరెంటు పోయినప్పుడు సంగతి మీరే చెప్పాలి. ఇదంతా 15 ఏళ్ళకి పైగా, అంతకాలం బతుకుతుంది అది.

ఇంకోటి మీరు అసలు రాయనే లేదు. రాజస్థాన్, కచ్ ఎడారుల్లో ఉండే మన దేశపు రకాన్ని సాండా అంటారు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని పట్టడం, అమ్మడం, ఇంట్లో పెట్టుకోవడం అన్నీ నేరమే. విదేశీ రకాలైతే 2024 లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర ప్రభుత్వం వాళ్ళ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. మా వాడికి అమ్ముతానన్న మనిషి "విదేశీదే, కాగితాలు తర్వాత ఇస్తా" అన్నాడట. తర్వాత ఏంటి? నా చిన్నప్పుడు సంతలో ఈ బల్లి కొవ్వుతో తీసే సాండా తైలం అమ్మేవాడు గోనెపట్టా మీద వీటిని బతికున్నవాటినే వరసగా పడుకోబెట్టేవాడు, ఒక్కటీ కదిలేది కాదు. మచ్చిక చేశాడు కాబోలు అనుకునేవాణ్ణి. పారిపోకుండా నడుములు విరుస్తారని చాలా ఏళ్ళకి తెలిసింది. ఇప్పుడు మా వాడికి అమ్ముతానన్నవాడికి సరుకు ఎక్కడినుంచి వస్తుందో కూడా ఎవరికి తెలుసు?

కాబట్టి ఆ పేజీలోనే, అదే సైజులో సవరణ వేయండి.

మేనల్లుడు మాత్రం "నువ్వు పెంచావు కదా మామా" అని ఒకటే పట్టు. పెంచలేదురా, నెల రోజులు చూసుకున్నానంతే. ఏప్రిల్లో పిల్లాడికి మోజు తీరాక పెద్దాయనా నేనూ కారులో మళ్ళీ సాల్మీ వైపు తీసుకుపోయి ఇసుకలో దించాం. ఒక్క ఉదుటున పరిగెత్తుతుంది అనుకున్నా. పరిగెత్తలేదు, ఎండకి వీపు తిప్పి, పొట్ట నేలకి ఆనించి అట్లాగే పడుకుంది. పెద్దాయన ఇక పోదాం పదమని కారు స్టార్ట్ చేయించేదాకా అక్కడే ఉంది.

ఇట్లు,
ఒక పాఠకుడు, రాజంపేట