మీ మామగారి మెడికేర్ ప్లాను

చి. సౌ. శిరీషకు,

దసరా వెళ్ళాక నీ ఫోను లేదు. ఆఫీసు పని అనుకుంటున్నాం. డాలస్‌లో చలి మొదలైందా? బుజ్జిగాడిని స్వెట్టర్ లేకుండా బడికి పంపకు. నీకు మెడనొప్పి తగ్గిందా? అమ్మ రోజూ అడుగుతోంది.

మీ అత్తగారినీ మామగారినీ మామూలు మెడికేర్ (అమెరికాలో పెద్దవాళ్ళకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా) నుంచి, ప్రైవేటు కంపెనీ వైద్యం మందులు రెండూ కలిపి ఇచ్చే అడ్వాంటేజ్ ప్లాన్‌లోకి మారుస్తున్నావని పద్మ పిన్ని అంది. జీరో ప్రీమియం, పళ్ళకీ కళ్ళకీ కవరేజీ ఉందని చెప్పారట. చెడ్డదని అనను తల్లీ. ఏడాది ఖర్చుకు హద్దు ఉండటం అందులో పెద్ద మేలు, మామూలు మెడికేర్‌లో ఆ హద్దు లేదు. కానీ సున్నా అనేది ఆ కంపెనీకి కట్టేదే. మెడికేర్‌లో డాక్టరు ఖర్చుల భాగమైన పార్ట్ బి కి నెలనెలా కడుతూనే ఉండాలి, 2025లో అది 185 డాలర్లు. వాళ్ళకి ఇక్కడ 30 క్వార్టర్ల (క్వార్టరంటే మూడు నెలలు) ఉద్యోగం కూడా లేదు కనుక, ఆసుపత్రి ఖర్చుల భాగమైన పార్ట్ ఎ కి 2025లో మనిషికి నెలకు 518. ఎ, బి రెండూ లేకపోతే అడ్వాంటేజ్‌లో చేర్చుకోరు.

మా వెనకింటి ప్రసాదు వాళ్ళమ్మగారి సంగతి విను. ఆవిడది మందులు కూడా ఉన్న హెచ్ఎంఓ ప్లాను, అంటే తమ జాబితాలోని డాక్టర్ల దగ్గరికే పంపే అడ్వాంటేజ్ రకం. అక్టోబరులో ఎవరో ఫోన్ చేసి, చవగ్గా విడి మందుల ప్లాను ఉందన్నారు. అదనంగా ఉంటుందిలే అని ప్రసాదు దాన్లో చేర్పించాడు. ఆ చేరికతోనే పాత ప్లాను దానంతటదే రద్దయింది, రూలే అంత. జనవరిలో స్కాన్‌కి వెళ్తే పాత కార్డు చెల్లలేదు. మామూలు మెడికేర్‌లో పడ్డారు, డాక్టరు బిల్లుల్లో 20 శాతం చేతినుంచే, దాన్ని భరించే సప్లిమెంట్ పాలసీ లేదు. మళ్ళీ అక్టోబరు దాకా మారే దారి దొరకలేదు.

అందుకే అడుగుతున్నాను, నువ్వు సంతకం పెట్టేశావా? పెట్టినా ఫరవాలేదు, డిసెంబరు 7 దాకా మార్చుకోవచ్చు, చివర చేరిన ప్లానే జనవరి 1న మొదలవుతుంది. అసలు చిక్కు వేరే ఉంది. మీవాళ్ళు సంక్రాంతికి విజయవాడ వెళితే వినాయక చవితి దాకా రారు. ప్లాను ఉన్న ప్రాంతం వదిలి ఆరు నెలలకు మించి బయట ఉంటే అడ్వాంటేజ్ ప్లాన్లు మామూలుగా పేరు తీసేస్తాయి. అక్కడ కొన్న మందులకూ పైసా ఇవ్వవు. ఈ మాట ఏజెంటుతో చెప్పావా?

మామగారి గుండె డాక్టరు ఆ ప్లాను నెట్‌వర్క్‌లో (వాళ్ళ డాక్టర్ల జాబితాలో) ఉన్నారో లేదో క్లినిక్కుకే ఫోన్ చేసి, ప్లాను పూర్తి పేరు చెప్పి అడుగు. కంపెనీ పేరు ఒక్కటే చెబితే 'ఉన్నారు' అనేస్తారు. తర్వాత మెడికేర్ సైటులో మందులన్నీ డోసుతో ఎక్కించి, మీ ఫార్మసీని ఎంచుకుని చూడు. ఇన్సులిన్‌కి నెలకు 35 డాలర్లు మించదు. మందుల ఖర్చు 2026లో 2,100 దాటదు, కానీ ప్లాను జాబితాలో ఉన్న మందులకే ఆ లెక్క. షుగరు మందు మెట్‌ఫార్మిన్ దగ్గర జాగ్రత్త, ఈఆర్‌లోనే (నెమ్మదిగా పనిచేసే మాత్రల్లోనే) రకాలున్నాయి, ఒకటి చవక, ఇంకొకటి బాగా ఖరీదు.

ఇవాళ రాత్రే మామగారి సీసాల లేబుళ్ళు ఫొటో తీసి పంపు, అక్షరాలు కనపడేట్టు. వేళకి తిను.

మీ నాన్న