మున్సిపాలిటీలో వడ్లు ఎక్కడ ఆరబోయాలి?

సంపాదకుల గారికి నమస్కారం.

మాది వనపర్తి జిల్లాలో జూరాల కాలువ కింద ఉన్న ఒక చిన్న మున్సిపాలిటీ. 2018 ఆగస్టు దాకా గ్రామ పంచాయతీ. ఇప్పుడు మాకు వార్డు నంబర్లు, కమిషనర్, చెత్త బండి, డివైడర్ మధ్యలో మొక్కలు అన్నీ ఉన్నాయి. కానీ చాలా ఇళ్లలో బతుకుదెరువు ఇంకా వ్యవసాయమే. మా వార్డులో కార్ల కన్నా ట్రాక్టర్ ట్రాలీలే ఎక్కువ.

నాకు రెండున్నర ఎకరాల వరి ఉంది. ఊరు పంచాయతీగా ఉన్నప్పుడు ఎండాకాలం ఉపాధి హామీ పనుల్లో మేట్‌గా, అంటే కూలోళ్ల పని చూసుకునేదానిగా చేసేదాన్ని. తెల్లారకముందే టేపు పట్టుకుని పోయి గుంతలు కొలిచేవాళ్లం. కాల్వల పూడిక, పొలాలకు మట్టి బాటలు, ఫారం పాండ్లు (పొలాల్లో నీటి కుంటలు) అన్నీ ఆ పనుల కిందే అయ్యేవి. ఉపాధి హామీ చట్టం గ్రామీణ ప్రాంతాలకే కాబట్టి మున్సిపాలిటీ బోర్డు పడ్డాక మా జాబ్ కార్డులు చెల్లకుండా పోయాయి. కూలోళ్లకు ఎండాకాలం పని పోయిందని అందరూ అంటారు. దాంతోపాటు రైతుకు ఏం పోయిందో ఎవరూ అడగరు. ఇప్పుడు పిల్లకాల్వలో తుంగ తీసేవాళ్లు లేరు. వాన పడితే మా పొలం బాటలో ట్రాక్టర్ దిగబడుతుంది.

అన్నింటికన్నా పెద్ద టెన్షన్ కల్లం, అంటే వడ్లు ఆరబోసుకునే జాగ. పల్లెల్లో ఉపాధి నిధులతో సిమెంటు కల్లాలు కట్టారు. వాటికి పెట్టిన 151 కోట్లు తిరిగివ్వమని కేంద్ర ప్రభుత్వం 2022లో అడిగితే రాష్ట్రమంతా ధర్నాలు జరిగాయి. ఆ గొడవలో మేం లేనే లేం, మాకు ఒక్క కల్లమూ రాలేదు కదా.

హార్వెస్టర్‌తో కోసిన వడ్లు పచ్చిగా ఉంటాయి. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. కేంద్రం దగ్గర జాగ లేదు, ఇంటి ముందు సీసీ రోడ్డు ఇరుకు. అందుకే అందరం బైపాస్ రోడ్డు మీదే పోస్తాం, సగం రోడ్డు వడ్లకు, సగం బండ్లకు. వడ్ల మీదికి బండ్లు ఎక్కకుండా అంచున రాళ్లు పెడతాం. రాత్రి ఆ రాళ్లు కనిపించవు. పోయిన వానాకాలం పంటప్పుడు బైకు మీద పోతున్న ఒక పిల్లగాడు రాయికి తగిలి పడ్డాడు, చెయ్యి విరిగింది. వాళ్లమ్మ మమ్మల్ని తిట్టింది. తిట్టకుండా ఎట్లుంటుంది? మర్నాడు పోలీసులొచ్చి వడ్లు ఎత్తమన్నారు. ఎత్తి ఎక్కడ పోయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. అప్పటికి నా వడ్లు తేమ మిషన్‌లో 18 శాతం చూపిస్తున్నాయి. "ఇంకో ఎండ కొట్టనియ్యి అక్కా" అన్నాడు కేంద్రంలో అబ్బాయి. ఆ రాత్రే వాన కొట్టింది. టార్పాలిన్ పట్టాలు కప్పినా కిందినుంచి నీళ్లు పారి అడుగు వడ్లు మొలకెత్తాయి.

కల్లం గురించి మున్సిపల్ ఆఫీసులో అడిగితే అది వ్యవసాయ శాఖ చూసుకుంటుందన్నారు. మా ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) సారు మంచివాడే. రైతు వేదికకు పిలిచి విత్తనాలు, తెగుళ్ల గురించి ఓపికగా చెబుతాడు. కానీ కల్లం కట్టే పద్దు ఆయన చేతిలో లేదు. అక్కడికి పొమ్మంటే ఇక్కడికి, ఇక్కడికి వస్తే అక్కడికి.

2019 మున్సిపల్ చట్టం ప్రకారం బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి పెట్టాలి. మంచిదే. మా దగ్గర మొదట్లో రోడ్డు పొడవునా కోనోకార్పస్ నాటారు. తర్వాత ఆ మొక్కే వద్దని ప్రభుత్వం చెప్పింది. మా వరి కూడా పచ్చగానే ఉంటుంది సార్, దానికీ కొంచెం పెట్టొచ్చు. ఇప్పటిదాకా మున్సిపాలిటీ నుంచి మా చేలకు వచ్చింది మురికినీళ్లే. కొత్త డ్రైనేజీ చివర మా కింది మడిలో కలుస్తుంది. ఆ మడిలో పైరు ఏపుగా పెరిగి గింజ పట్టకముందే పడిపోతోంది. తడి చెత్తతో ఎరువు చేస్తామని ఇల్లిల్లూ తిరిగి రెండు బుట్టలు ఇచ్చారు. ఆ ఎరువు మాకు అమ్మినా కొనుక్కుంటాం.

మా వార్డు చివర సర్కారు జాగ కంప చెట్లతో నిండి పడి ఉంది. అందులో ఒక పెద్ద సిమెంటు కల్లం కట్టి రెండు లైట్లు పెట్టమంటున్నాం. కోతలు లేనప్పుడు పిల్లలు క్రికెట్ ఆడుకుంటారు, పెళ్లిళ్లకు కిరాయికిస్తే ఆదాయం మున్సిపాలిటీకే. పూడిక, బాటల పనులకు పట్టణాల్లోనూ ఉపాధి పథకం పెట్టాలి. కేరళలో అయ్యంకాళి పేరుతో అట్లాంటిది నడుస్తూనే ఉంది, మనకెందుకు కాదు?

యాసంగి కోతలు ఉగాది తర్వాత మొదలవుతాయి. అప్పటికి సిమెంటు పోయలేకపోతే కనీసం కంప కొట్టించి, జాగ చదును చేసి రోలర్ తిప్పించండి. పట్టాలు మేమే తెచ్చుకుంటాం.

- ఒక మహిళా రైతు, వనపర్తి జిల్లా